ముప్పై, యాభై, ఎనభై

హైదరాబాదులో శనివారం రాత్రి ట్రాఫిక్ పోలీసులు బండి ఆపి గొట్టం నోటికందిస్తారు. ఊదాక తెర మీద 31 పడిందంటే కేసే. అదే మనిషి వారం తిరక్కుండా విమానమెక్కి డాలస్‌లో దిగి, రక్తంలో అదే 31తో కారు నడిపాడనుకోండి, అక్కడి హద్దు 80 కాబట్టి ఆ అంకె ఒక్కదాని మీదే అతన్ని నేరస్థుడనడానికి వీల్లేదు. అదే దేశంలో యూటా రాష్ట్రానికి వెళితే హద్దు 50. స్టాక్‌హోంలో 20. సిడ్నీలో 50, ఎడిన్‌బరోలో 50, లండన్‌లో ఎన్నో ఏళ్ళుగా 80. తాగిన సరుకు ఒకటే, తాగిన ఒళ్ళూ ఒకటే, ఊరు మారేసరికి నేరం మారిపోతోంది. ఈ గీతలు ప్రకృతి గీసినవి కావని, ఎక్కడికక్కడ చట్టసభలు బేరమాడుకుని గీసుకున్నవని దీన్నిబట్టే తెలుస్తుంది. గడిచిన 80 ఏళ్ళుగా ఈ గీతలు దాదాపు అన్ని దేశాల్లోనూ కిందికే జరుగుతూ వచ్చాయి. ఇంకా కిందికి జరపాలని అమెరికాలో, బ్రిటన్‌లో అడుగుతున్నవాళ్ళున్నారు. మన దగ్గర ఉన్న 30ని కూడా సున్నా చేసెయ్యాలనే మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది. అంకె తగ్గిస్తే రోడ్డు మీద చావులు తగ్గుతాయా అన్నది ఇవాళ్టి ప్రశ్న. తగ్గుతాయి, అయితే ఊదించే చెయ్యి రోడ్డు మీద ఉన్నచోటే తగ్గుతాయి అని నా అభిప్రాయం. దానికి ఆధారాలేమిటో, అడ్డొచ్చే సంగతులేమిటో చూద్దాం.

ముందు ఈ అంకె దేన్ని కొలుస్తుందో తెలియాలి. మనిషి రక్తం 100 మిల్లీలీటర్లు తీసుకుంటే అందులో ఎన్ని మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉందన్నదే ఈ లెక్క. మన పోలీసులూ, పట్టుబడినవాళ్ళూ దీన్నే పాయింట్లంటారు. 70 కిలోల బరువున్న మగవాడు 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గు విస్కీ తాగితే ఒంట్లోకి పోయేది సుమారు 10 గ్రాముల ఆల్కహాల్. రక్తంలో అది 20 పైచిలుకు తేలుతుంది. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గుకు 40 దాటుతుంది. క్వార్టర్ సీసా తొందరగా ఖాళీ చేస్తే 120 దాటేస్తుంది. మన వైన్ షాపుల్లో విరివిగా పోయే స్ట్రాంగ్ బీరు, ఎనిమిది శాతం ఆల్కహాల్ ఉన్న 650 మిల్లీలీటర్ల సీసా, ఒక్కటి గబగబా తాగితే 80 అందుకుంటుంది. అంటే 'ఒక్క బీరేగా' అని బండి తాళం తీసినవాడు మన 30ని ఎప్పుడో దాటేసి, అమెరికా వాడి 80 దగ్గర నిలబడి ఉంటాడన్నమాట. స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ కనిపెట్టిన సూత్రంతో ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. బరువు తక్కువైతే, ఖాళీ కడుపైతే అంకె ఇంకా పైకి పోతుంది. అదే మోతాదుకు ఆడవాళ్ళ రక్తంలో ఎక్కువ తేలుతుంది. ఎక్కినదాన్ని శరీరం గంటకు సుమారు 15 పాయింట్ల చొప్పున దించుకుంటుంది. మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండుకున్నా, నెత్తిన చన్నీళ్ళు గుమ్మరించుకున్నా ఆ వేగం పెరగదు.

ఇంత తక్కువ మోతాదులో నిజంగా ప్రమాదముందా అన్న అనుమానం కొత్తది కాదు. దాని వెనక ఒక చిత్రమైన కథ ఉంది. శ్వాసను బట్టి ఆల్కహాల్ కొలిచే బ్రెత్‌లైజర్ యంత్రాన్ని 1954లో తయారుచేసిన రాబర్ట్ బోర్కెన్‌స్టైన్, 1960ల మొదట్లో అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ పట్టణంలో పెద్ద అధ్యయనం నడిపించాడు. ప్రమాదాలు చేసిన వేలమంది డ్రైవర్లనూ, అవే రోడ్ల మీద ప్రమాదం లేకుండా వెళుతున్న వేలమందినీ ఊదించి పోల్చి చూశారు. 80 దాటాక ప్రమాదం నిటారుగా పెరుగుతోందని తేలింది. చట్టాలకు పునాది అదే అయింది. కానీ అదే లెక్కలో, కొద్దిగా తాగినవాళ్ళు అసలు తాగనివాళ్ళకంటే తక్కువ ప్రమాదాలు చేసినట్టు కనిపించింది! రెండు గుక్కలు పడితే చెయ్యి కుదురుతుందని వాదించేవాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి? తరవాత వయసును, అనుభవాన్ని, ఎంత తరచుగా తాగుతారన్నదాన్ని లెక్కలోకి తెచ్చి చూస్తే గుట్టు బయటపడింది. మితంగా తాగి బండి నడిపేవాళ్ళలో అలవాటుపడ్డ నడివయసు డ్రైవర్లు ఎక్కువ. తాగనివాళ్ళ గుంపులో పడుచువాళ్ళు, ముసలివాళ్ళు, కొత్తగా నేర్చుకున్నవాళ్ళు కలిసి ఉన్నారు. ఆ తేడాలు సరిచేశాక మేలు కాస్తా మాయమైంది. వర్జీనియా బీచ్‌లో జరిపి 2015లో ప్రకటించిన అధ్యయనంలో, తాగనివాడితో పోలిస్తే 50 దగ్గర ప్రమాదం సుమారు రెండింతలు, 80 దగ్గర సుమారు నాలుగింతలు అని వచ్చింది. రోడ్డు ఖాళీగా ఉండి తిన్నగా పోతున్నంతసేపూ 50 ఉన్న మనిషి బాగానే నడుపుతాడు. పక్క సందులోంచి గేదె వచ్చినప్పుడు, ఎదటివాడు ఇండికేటరు వెయ్యకుండా తిరిగినప్పుడు, ఒకేసారి రెండు మూడు వైపుల దృష్టి పెట్టాల్సి వచ్చినప్పుడు తడబడతాడు. మన రోడ్ల మీద ఆ రెండో రకం క్షణాలే ఎక్కువ.

మరి మొదట్లో హద్దు ఎందుకంత పైన పెట్టారు? 1938లో అమెరికా వైద్య సంఘంతో పాటు అక్కడి భద్రతా మండలి చెప్పిన అంకె 150. మరుసటేడు ఇండియానా రాష్ట్రం దాన్ని చట్టంలోకి తెచ్చింది. 150 అంటే మాట ముద్దగా వచ్చే స్థితి. ఎవరూ కాదనలేని చోట గీత పెట్టాలి, లేకపోతే కోర్టులో నిలబడదనే భయంతో పెట్టిన గీత అది. అక్కణ్ణుంచి 100కి, 100 నుంచి 80కి రావడానికి అరవై ఏళ్ళు పట్టింది. 2000 సంవత్సరంలో క్లింటన్ ప్రభుత్వం, 80కి దిగని రాష్ట్రాలకు రహదారి నిధులు కోస్తామన్నాకగాని చాలా రాష్ట్రాలు కదల్లేదు. యూరప్ తీరు వేరు. నార్వే 1936లోనే 50 పెట్టేసింది. స్వీడన్ 1941లో 80తో మొదలుపెట్టి, 1957లో 50కి, 1990లో 20కి దిగింది. ఏ దేశమైనా ఒకసారి తగ్గించాక మళ్ళీ పెంచడం చాలా అరుదు. విచిత్రం ఏమిటంటే ఆ అరుదైన పని చేసినవాళ్ళలో మనం ఉన్నాం. ఆ సంగతికి తరవాత వస్తాను.

ఇప్పుడు యూటా. 2017లో గవర్నర్ గ్యారీ హెర్బర్ట్ సంతకం చేసిన చట్టం 2018 డిసెంబరు 30 నుంచి అమలైంది. అమెరికాలో 80 నుంచి 50కి దిగిన మొట్టమొదటి రాష్ట్రం అదే. అమెరికా కేంద్ర స్థాయి ప్రమాదాల విచారణ సంస్థ 2013లోనే అన్ని రాష్ట్రాలకూ 50 సిఫారసు చేస్తే పలికిన రాష్ట్రమూ ఇదొక్కటే. చట్టం రాబోతోందనగానే గగ్గోలు పుట్టింది. మంచు మీద ఆటలాడుకోవడానికి వచ్చే యాత్రికులు ఇక రారన్నారు, హోటళ్ళు మూతపడతాయన్నారు. యూటాకి సెలవులకి వెళితే శిక్ష మూటగట్టుకుని తిరిగి రావాలన్న అర్థంలో పత్రికల్లో ప్రకటనలు కూడా వేశారు. చట్టం వచ్చాక 2019 లెక్కల్ని, చట్టం ఊసు లేని 2016 లెక్కలతో అమెరికా రహదారి భద్రత శాఖ పోల్చింది. తిరిగిన దూరాన్ని బట్టి చూస్తే ప్రాణాలు తీసిన ప్రమాదాలు యూటాలో 19.8 శాతం తగ్గాయి. అదే కాలంలో మిగతా దేశంలో తగ్గింది 5.6 శాతం. యాత్రికులు తగ్గలేదు, మద్యం అమ్మకాలూ పడిపోలేదు. తాగేవాళ్ళను అడిగితే, ఐదుగురిలో ఒకరికి పైగా తమ అలవాటు మార్చుకున్నామన్నారు. ఆ మార్పు తాగడం మానెయ్యడం కాదు, తాగే రాత్రి ఇంటికెలా వెళ్ళాలో ముందే చూసుకోవడం. ఇంకో మాట గమనించాలి. చట్టం అమలు కాకముందే, దాని మీద రచ్చ జరుగుతున్న రోజుల్లోనే ప్రమాదాలు తగ్గడం మొదలైంది. అంకె మారుతోందన్న వార్తే అంకెకంటే ముందు జనంలోకి వెళ్ళింది.

యూటా లెక్కను చూసి మురిసిపోయేవాళ్ళను ఆపడానికి రెండు ప్రశ్నలు వెయ్యొచ్చు, వెయ్యాలి కూడా. అక్కడి జనంలో మతనియమం వల్ల మందు ముట్టనివాళ్ళు ఎక్కువ. అలాంటి చోట పనిచేసింది మిగతా చోట్ల పనిచేస్తుందా అన్నది మొదటిది. ఒక్క 2019 లెక్కతో తీర్పు చెప్పొచ్చా, 2020లో కరోనా వచ్చి రోడ్లన్నీ తారుమారయ్యాయి కదా అన్నది రెండోది. మొదటిదానికి జవాబుంది. అసలే తాగి నడపడం తక్కువగా ఉన్నచోట తగ్గించడం కష్టం, ఎక్కువగా ఉన్నచోట తేలిక. అక్కడే తగ్గిందంటే అది వాదానికి బలమే తప్ప లోటు కాదు. రెండోదానికి మాత్రం యూటా ఒక్కటే జవాబు చెప్పలేదు. వేరే దేశాల అనుభవం చూడాలి. అలా చూడబోతే ముల్లులా కాల్లో దిగేది స్కాట్లాండ్.

స్కాట్లాండ్ 2014 డిసెంబరు 5న 80 నుంచి 50కి దిగింది. ఇంగ్లండ్, వేల్స్ 80 దగ్గరే ఉండిపోయాయి. ఒకే దీవి, ఒకే రకం కార్లు, ఒకే వాన, ఒకే భాష; మారింది అంకె ఒక్కటే. పరిశోధకులకు ఇంతకన్నా మంచి పరీక్ష దొరకదు. గ్లాస్గో విశ్వవిద్యాలయంవాళ్ళు చేసిన అధ్యయనం 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. హద్దు తగ్గించినందువల్ల రోడ్డు ప్రమాదాలు తగ్గిన జాడ కనబడలేదు. పబ్బుల్లో, బార్లలో తాగుడు ఒక శాతానికి లోపే తగ్గింది. హద్దు తగ్గించాలని కోరేవాళ్ళు ఈ అధ్యయనాన్ని తలుచుకోవడానికి ఇష్టపడరు, వ్యతిరేకించేవాళ్ళు దీన్ని తప్ప దేన్నీ తలుచుకోరు. రెండూ సరికాదు. అక్కడ ఏమి మారిందన్నది ఎంత ముఖ్యమో, ఏమి మారలేదన్నదీ అంతే ముఖ్యం. టీవీల్లో ప్రచారం జరిగింది. కానీ దారికాచి ఊదించడం దానికి తగ్గట్టు పెరగలేదు. బ్రిటన్ చట్టం ప్రకారం పోలీసు ఏ బండినైనా ఆపొచ్చుగానీ, ఊదమనాలంటే తాగాడన్న అనుమానమో, ప్రమాదమో, మరేదైనా ట్రాఫిక్ తప్పో ఉండాలి. కాబట్టి 60 పాయింట్లతో కుదురుగా నడుపుకుంటూ పోయే మనిషికి పాత చట్టంలో ఎంత భయముందో కొత్త చట్టంలోనూ అంతే ఉంది. పల్లె పబ్బునుంచి ఇంటికి చేరే బస్సులూ పెరగలేదు, టాక్సీలూ చవక కాలేదు. నేరం కాగితం మీద పెద్దదైంది, రోడ్డు మీద పాత సైజులోనే ఉంది.

ఈ సంగతి బ్రిటన్‌కు అంతకు దాదాపు యాభై ఏళ్ళ ముందే ఎదురైంది. 1967లో రవాణా మంత్రి బార్బరా కాజిల్, అన్నట్టు ఆవిడకు డ్రైవింగే రాదు, 80 హద్దునూ ఊదించే యంత్రాన్నీ ఒకేసారి తెచ్చింది. వ్యక్తిస్వేచ్ఛ పోయిందని పబ్బుల వాళ్ళు మండిపడ్డారు, ఆవిడకు బెదిరింపు ఉత్తరాలు రాశారు. తొలి ఏడాది రోడ్డు చావులు వెయ్యికి పైగా తగ్గాయి. ఆ తరవాత మెల్లమెల్లగా మేలు కరిగిపోయింది. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త లారెన్స్ రాస్ దీన్ని, ఇలాంటి మరికొన్ని దేశాల చట్టాలనూ ఏళ్ళ తరబడి పరిశీలించి తేల్చింది చాలా సాదా సంగతి. కొత్త చట్టం రాగానే జనం పట్టుబడతామని ఎక్కువగా ఊహించుకుని భయపడతారు. కొన్ని నెలలు గడిచాక ఎవరూ పట్టుకోవడం లేదని గ్రహిస్తారు. భయం నిజం స్థాయికి దిగిపోతుంది, దాంతోపాటు చట్టం కూడా. శిక్ష ఎంత పెద్దదన్నదానికంటే, పడుతుందా లేదా అన్నదే తాగేవాడి లెక్కల్లో బరువు తూగుతుంది. ఉరిశిక్ష రాసిపెట్టినా, ఆ రాత్రి ఆ దారిలో ఎవరూ ఉండరని నమ్మకముంటే తాళం తిరుగుతుంది.

ఆస్ట్రేలియా ఈ భయాన్ని కరగనివ్వకుండా నిలబెట్టడమెలాగో చూపించింది. అక్కడి న్యూ సౌత్ వేల్స్ 1980 చివర్లో 80 నుంచి 50కి దిగింది. రెండేళ్ళ తరవాత, 1982 డిసెంబరులో, అనుమానంతో పనిలేకుండా ఎవరినైనా, ఎక్కడైనా ఊదించే పద్ధతి మొదలుపెట్టింది. పెద్ద వ్యాన్లు తెచ్చి రోడ్డు పక్కన నిలబెట్టి, వచ్చే కార్లను ఆపి ఊదించారు. 'బూజ్ బస్సు' అన్న మాట అక్కడి పిల్లలకు కూడా తెలుసు. అన్ని ప్రభావాల్నీ విడదీసి చూసిన అధ్యయనం ప్రకారం, ఒక్క హద్దు తగ్గించినందుకే ప్రాణాంతక ప్రమాదాలు న్యూ సౌత్ వేల్స్‌లో 8 శాతం, క్వీన్స్‌లాండ్‌లో 18 శాతం తగ్గాయి. ఊదించే పద్ధతి మొదలయ్యాక వచ్చిన తగ్గుదల అంతకంటే చాలా ఎక్కువ. ఇక్కడ రెండు పనులూ ఒకదానికొకటి ఊతమిచ్చుకున్నాయి. జపాన్ ఇంకో దారి తొక్కింది. 2002లో 50ని 30 చేసి, జరిమానాలు విపరీతంగా పెంచింది. 2006లో ఫుకువోకాలో తాగిన డ్రైవరు ఢీకొట్టి ముగ్గురు పసిపిల్లలు చనిపోయాక, 2007లో ఇంకో అడుగు వేసి, తాగినవాడికి కారిచ్చినవాణ్ణి, నడపబోతున్నాడని తెలిసీ మందు పోసినవాణ్ణి, పక్కన కూర్చున్నవాణ్ణి కూడా శిక్షార్హుల్ని చేసింది. అక్కడ 'దైకో' అనే వృత్తి ఉంది. ఫోను చేస్తే ఇద్దరొస్తారు. ఒకరు మన కారును మనతోపాటు ఇంటికి చేరుస్తారు, రెండోవారు వెనకాల ఇంకో కారులో వచ్చి మొదటివాణ్ణి తీసుకెళతారు. తాగి చేసిన ప్రాణాంతక ప్రమాదాలు 2000 ప్రాంతంలో ఏడాదికి వెయ్యికి పైగా ఉండేవి, రెండు దశాబ్దాల్లో రెండు వందల లోపుకు పడిపోయాయి. ఇందులో అంకె వాటా ఎంత, శిక్ష వాటా ఎంత, దైకో వాటా ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. విడదీయలేకపోవడమే ఇక్కడ తెలుసుకోవలసిన సంగతి.

ఇక అన్నిటికంటే గట్టి అభ్యంతరం. చావులు తెచ్చేవాడు 60 ఉన్నవాడు కాదు, 160 ఉన్నవాడు. మూడు గుక్కలు తాగినవాణ్ణి వేధిస్తే పీకలదాకా తాగినవాడు మారతాడా అని అడుగుతారు. మాటలో నిజముంది. అమెరికాలో ప్రాణాంతక ప్రమాదాల్లో 80 దాటి దొరికిన డ్రైవర్లలో మూడింట రెండొంతులమంది 150 కూడా దాటినవాళ్ళే. అయితే 160 ఉన్న మనిషి ఆకాశంలోంచి ఊడిపడడు. సాయంత్రం ఏడు గంటలకు అతనూ సున్నాయే. ఒక్కటే అనుకుని మొదలుపెట్టి, బండి బయటే ఉంది కదా, రెండో పెగ్గుకు ఏమీ కాదులే అనుకున్నాడు. మూడో పెగ్గు దగ్గర లెక్క వేసే బుర్రే మత్తులో పడింది. హద్దు 80 అయితే ఎంతవరకూ తాగొచ్చో తాగుతూ లెక్కపెట్టుకోవాలి. హద్దు 20, 30 అయితే లెక్కతో పనిలేదు, బండి ఇంట్లోనే వదిలిరావాలి. నిర్ణయం మత్తెక్కకముందుకు జరుగుతుంది. తక్కువ అంకె చేసే మేలంతా నిజానికి ఇందులోనే ఉంది. ఆస్ట్రేలియా రాజధాని ప్రాంతంలో 1991లో 80ని 50 చేసినప్పుడు, దారికాచి ఊదించిన లెక్కల్లో అన్నిటికంటే బాగా తగ్గింది 150 దాటినవాళ్ళే. చట్టం వాళ్ళ గురించి కొత్తగా ఒక్క ముక్క చెప్పకపోయినా సరే.

కొద్దిగా తాగినవాణ్ణి జైలుకు పంపడం న్యాయమా అన్నది ఇంకో అభ్యంతరం. దీనికి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా వెతికిన జవాబు నాకు నచ్చింది. అక్కడ క్రిమినల్ నేరం 80 దగ్గరే ఉంది. 2010 నుంచి మాత్రం 50 దాటినవాడికి పోలీసు అక్కడికక్కడే లైసెన్సు తీసేసుకుంటాడు, బండి కూడా పట్టుకుపోవచ్చు. కోర్టు లేదు, వకీలు లేడు, వాయిదాలు లేవు. ఇంటికి నడిచి వెళ్ళాలి. మద్యంతో ముడిపడ్డ ప్రాణాంతక ప్రమాదాలు ఆ తరవాత 40 శాతం వరకూ తగ్గాయని అధ్యయనం చెప్పింది. చిన్న శిక్షే అయినా వెంటనే పడింది, తప్పకుండా పడింది. అమెరికాలో ఉంటున్న మన తెలుగు పిల్లలకు ఇలాంటి వెంటనే పడే దెబ్బ ఒకటి ఉంది. తాగి నడుపుతూ అరెస్టయితే చాలు, కోర్టు దోషి అని తేల్చకముందే వీసా రద్దు చేసే అధికారం అక్కడి విదేశాంగ శాఖకు ఉంది. ఆ సంగతి తెలిసిన కుర్రాడికి హద్దు 80 అయినా ఒకటే, 50 అయినా ఒకటే.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను మొదట రాసినప్పుడు, రక్తంలో ఎంత కొంచెం ఆల్కహాల్ ఉన్నా నేరమే అంది. అంటే సున్నా. 1994 సవరణలో దాన్ని 30 చేశారు. ఇందాక చెప్పిన అరుదైన పని ఇదే. లోకమంతా దిగుతుంటే మనం ఒక మెట్టు ఎక్కాం. అయినా 30 అంటే అమెరికా కంటే, ఆస్ట్రేలియా కంటే కఠినమైన అంకె. 2019లో జరిమానా 2,000 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది, ఆరు నెలల జైలు కూడా రాసి ఉంది. అంకె కఠినం, శిక్ష కఠినం. మరి రోడ్లు? 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాటిలో తాగి నడపడం వల్ల అని కేంద్ర రవాణా శాఖ లెక్కల్లోకెక్కినవి మూడు శాతం లోపే. అదే ఏడాది 80 హద్దున్న అమెరికాలో 42,514 చావుల్లో 13,524, అంటే దాదాపు మూడో వంతు, తాగిన డ్రైవర్ల ఖాతాలో పడ్డాయి. ఈ లెక్కల్ని అలాగే నమ్మితే మనం అమెరికన్లకంటే పదిరెట్లు బుద్ధిమంతులం. పండగ మర్నాడు జిల్లా ఎడిషన్ తిరగేసిన ఎవరికైనా ఆ నమ్మకం కుదరదు. తేడా తాగడంలో లేదు, వెతకడంలో ఉంది. అక్కడ చనిపోయిన డ్రైవరు రక్తం చాలావరకూ పరీక్షకు వెళుతుంది, వెళ్ళనిచోట గణాంకశాస్త్రంతో అంచనా కడతారు. ఇక్కడ 'అతివేగం' అన్న గడి ఎప్పుడూ చేతికందుబాటులో ఉంటుంది, మూడింట రెండొంతులకు పైగా చావులు అందులోకే పోతాయి. వేగానికి వెనక సీసా ఉందో లేదో ఆ గడి అడగదు.

అందుకే 30ని సున్నా చేద్దామన్న వాదం నాకు రుచించదు. స్కాట్లాండ్ చేసిన పని మళ్ళీ చెయ్యడమే అవుతుంది. పైగా యంత్రానికి ఉండే చిన్న తేడా, నోట్లో మిగిలిన దగ్గు మందు తాలూకు ఆల్కహాల్, వీటన్నిటికీ సున్నాలో చోటుండదు; నిజంగా తాగినవాడి వకీలు కూడా అదే సందులోంచి జారుకుంటాడు. అరవైమంది ప్రాణాలు చేతిలో పెట్టుకునే బస్సు డ్రైవరు సంగతి వేరు, వాళ్ళను ఆర్టీసీ డిపోల్లో డ్యూటీ ఎక్కేముందే ఊదిస్తున్నారు, అది సబబే. మిగతావాళ్ళకు మార్చవలసింది 185 కాదు, 203వ సెక్షను. పోలీసు ఊదమనాలంటే తాగాడని అనుమానించడానికి సహేతుకమైన కారణం ఉండాలని ఆ సెక్షను ఇప్పటికీ అంటోంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల్లో రాత్రిపూట వరసబెట్టి అందరినీ ఊదిస్తున్న పద్ధతికి, చట్టం మాటకు మధ్య సందు ఉంది. కెనడా 2018 డిసెంబరులో తన చట్టంలో ఆ అనుమానం షరతు తీసేసింది. చట్టప్రకారం ఆపిన ఏ డ్రైవరునైనా ఊదమనవచ్చు. మనమూ ఆ మాట స్పష్టంగా రాసుకుంటే, దానితోపాటు ఎవరిని ఆపాలన్నది పోలీసు ఇష్టానికి వదలకుండా వచ్చిన ప్రతి బండినీ ఆపాలన్న నియమం కూడా రాసుకుంటే, ఆటోవాణ్ణి ఆపి పెద్దకారును వదిలేశారన్న ఫిర్యాదుకు కూడా తావుండదు. పౌరుణ్ణి అనుమానం లేకుండా ఆపడం అవమానం కాదా అంటారేమో. విమానాశ్రయంలో బెల్టు విప్పి ట్రేలో పెడుతున్నప్పుడు మనల్ని ఎవరూ అనుమానించడం లేదు, అందరిచేతా విప్పిస్తున్నారు కాబట్టే అక్కడ ఎవరికీ అవమానం తోచదు.

మార్చవలసినవాటిలో రెండోది, ఎక్కడ, ఎప్పుడు ఊదిస్తున్నామన్నది. మన తనిఖీలు నగరాల్లో, శుక్ర శనివారాల రాత్రుల్లో. ఏ కూడలిలో పోలీసులున్నారో వాట్సాప్ గ్రూపుల్లో నిమిషాల మీద తెలిసిపోతుంది, పక్క గల్లీ ఎలాగూ ఉంటుంది. చావులు మాత్రం ఎక్కువగా జాతీయ, రాష్ట్ర రహదారుల మీద, మండల కేంద్రాల శివార్లలో, మోటార్ సైకిళ్ళ మీద జరుగుతాయి. అక్కడ సంతరోజు సాయంత్రం ఐదింటికి గొట్టం పట్టుకుని నిలబడే మనిషి లేడు. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో ఆదేశించింది. చిన్న ఊళ్ళకు ఆ దూరాన్ని 220 మీటర్లు చేసింది, పట్టణాల హద్దుల్లో ఆ నియమం వర్తించదని తరవాత వివరణ ఇచ్చింది. 500 మీటర్లు నడిచి వెళ్ళేవాడికి దూరం, బండి మీద వెళ్ళేవాడికి అరనిమిషం. ఆ తీర్పు స్ఫూర్తి మంచిదే, కానీ దాని వల్ల తాగాలనుకున్నవాడికి బండి ఇంకాస్త అవసరమైందేమోనన్న అనుమానం నన్ను వదలదు.

ఇక తెలంగాణలో వైన్ షాపు పక్కనే పర్మిట్ రూం ఉంటుంది. సర్కారు లైసెన్సు ఇచ్చిన దుకాణంలో కొని, సర్కారు అనుమతించిన గదిలో నిలబడి తాగి, సర్కారు వేసిన రోడ్డెక్కాలి. ఆ గది ముందు పార్కు చేసిన మోటార్ సైకిళ్ళ వరసను చూస్తే, 185వ సెక్షను ఎవరికి వర్తిస్తుందో చెప్పడానికి యంత్రం అక్కర్లేదు. వాటి యజమానులు ఇంటికి ఎలా వెళ్ళాలని లైసెన్సు ఇచ్చినవాళ్ళు అనుకున్నారు? నగరంలో అయితే యాప్‌లో క్యాబ్ దొరుకుతుంది, బండి నడిపిపెట్టే డ్రైవరు కూడా దొరుకుతాడు. ఎనిమిది కిలోమీటర్ల అవతల ఊరున్న రైతుకు, కూలికి, మేస్త్రీకి దొరికేవి సొంత బండి, సొంత కాళ్ళు. పర్మిట్ రూంకి లైసెన్సు రాసేటప్పుడు దుకాణం వైశాల్యం రాస్తారు, గుడికీ బడికీ ఎంత దూరమో కొలుస్తారు, కట్టవలసిన ఫీజు రూపాయితో సహా రాస్తారు. షట్టరు దించే వేళకు ఆ ఊరి మీదుగా పోయే ఆఖరి బస్సు ఎప్పుడు వెళ్ళిపోయిందో రాసే గడి కూడా అందులో ఒకటి ఉండొచ్చు.